భాగం – 9: కమాండ్ లైన్ ఎడిటర్లు, అతి పెద్ద ఫైళ్లతో పని

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఒక పెద్ద టెక్స్ట్ ఫైలును ఎడిటర్‌లో తెరిచినప్పుడు కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో వివరించగలుగుతారు. ఫైలు మొత్తాన్ని తెరవకుండానే అందులోని సమాచారాన్ని చూడటం, వెతకడం, మార్చడం ఎలాగో తెలుసుకుంటారు. తెలుగు టెక్స్ట్ ఉన్న పెద్ద ఫైళ్లను ముక్కలు చేసేటప్పుడు వచ్చే చిక్కులను గుర్తించగలుగుతారు.

గమనిక: ఈ పాఠంలో ఆదేశాల పేర్లను, వాటి ఐచ్ఛికాలను తెలుగు లిపిలోనే ఇచ్చాం. కంప్యూటర్ మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ విషయం విడిగా చెప్పాం.

9.1 పరిచయం

ఒక చిన్న సంస్థలో సర్వర్ చూసే పనిలో మీరు కొత్తగా చేరారనుకుందాం. రాత్రిపూట వెబ్‌సైటు ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. లోపలికి వెళ్లి చూస్తే డిస్కు దాదాపు నిండిపోయి ఉంది. కారణం ఒక లాగ్ ఫైలు. అది పెరిగి పెరిగి 12 గిగాబైట్లయింది. ఆ సర్వర్‌కు ఉన్న మెమరీ 4 గిగాబైట్లు. అదే సర్వర్ మీద డేటాబేస్ కూడా నడుస్తోంది. తప్పు ఎక్కడ జరిగిందో చూద్దామని మీరు ఆ ఫైలును నానో ఎడిటర్‌లో తెరిచారు.

ఇక్కడ మీరు తలపెట్టింది చదవడం మాత్రమే. కానీ నానో ఫైలు మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకునే ఎడిటర్. మెమరీ చాలకపోయేసరికి లినక్స్ డిస్కులోని స్వాప్ స్థలాన్ని వాడటం మొదలుపెడుతుంది, యంత్రం నత్తనడక నడుస్తుంది. అదీ అయిపోతే, మెమరీ ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఎంచుకుని లినక్స్ బలవంతంగా ఆపేస్తుంది. అది మీ ఎడిటరే కావాలని లేదు, డేటాబేసూ కావచ్చు. లాగ్ చూడటానికి వెళ్లి డేటాబేసును ఆపినట్లవుతుంది.

కాబట్టి పెద్ద ఫైలు విషయంలో "ఏ ఎడిటర్ వేగమైనది?" అనే ప్రశ్న కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పనికి అసలు ఎడిటర్ అవసరమా? చాలా సందర్భాలలో అవసరం ఉండదు.

9.2 ఎడిటర్ టెక్స్ట్‌ను ఎలా ఉంచుకుంటుంది?

డిస్కు మీద టెక్స్ట్ ఫైలు అంటే ఒకదాని వెనక ఒకటిగా పేర్చిన బైట్ల వరుస. పంక్తులు అనేవి మనం అనుకునేవే. పంక్తి ముగింపును సూచించే ఒక ప్రత్యేకమైన బైటు ఉంటుంది, అంతే. ఫలానా పంక్తి ఎక్కడ మొదలవుతుందో తెలిపే విషయసూచిక ఏదీ ఫైలులో ఉండదు. 50 లక్షల పంక్తికి వెళ్లాలంటే అంతకు ముందున్న పంక్తి ముగింపులన్నిటినీ ఎవరో ఒకరు లెక్కపెట్టవలసిందే. ఈ విషయాన్ని విద్యార్థులు బాగా గుర్తుంచుకోవాలి. పెద్ద ఫైళ్లలో కనిపించే ఆలస్యంలో చాలా భాగానికి మూలం ఇదే.

సినిమా హాలులో ఒక వరుస పూర్తిగా నిండి ఉందనుకోండి. మధ్యలో ఒకరిని కూర్చోబెట్టాలంటే ఆ కుర్చీ నుంచి చివరిదాకా అందరూ ఒక్కో కుర్చీ జరగాలి. టెక్స్ట్‌ను ఒకే వరుసగా మెమరీలో పెట్టుకున్న ఎడిటర్‌కు వచ్చే ఇబ్బంది ఇదే. మొదటి పంక్తిలో ఒక్క అక్షరం చేర్చినా తక్కిన బైట్లన్నీ జరగాలి.

ఈమాక్స్ ఎడిటర్ దీనికి ఒక ఉపాయం చేసింది. కర్సర్ ఉన్నచోట కొన్ని ఖాళీ కుర్చీలను ముందే వదిలిపెడుతుంది. మీరు టైపు చేస్తున్నంతసేపూ ఆ ఖాళీ నిండుతుంది, ఎవరూ జరగనక్కరలేదు. దీనినే గ్యాప్ బఫర్ అంటారు. మనుషులు సాధారణంగా ఒకేచోట కొంతసేపు టైపు చేస్తారు కనుక ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే ఫైలు మొదట్లో ఒక మార్పు, చివరలో మరొక మార్పు చేస్తే, ఖాళీ ఆ చివరి నుంచి ఈ చివరికి కదలాలి. మధ్యలో ఉన్నదంతా కదిలినట్లే. పెద్ద ఫైలు తెరవబోతే ఈమాక్స్ ముందుగానే హెచ్చరిస్తుంది. మామూలుగా ఆ హద్దు దాదాపు 10 మెగాబైట్లు. నేటి ఫైళ్ల ముందు ఆ హద్దు చిన్నదే అయినా, అడిగి తెరవడం మంచి అలవాటు.

నానో పద్ధతి వేరు. ప్రతి పంక్తినీ విడిగా ఉంచి, ముందు పంక్తికీ వెనక పంక్తికీ లంకెలు పెడుతుంది. కొత్త పంక్తి చేర్చడం తేలిక, రెండు లంకెలు మారిస్తే సరిపోతుంది. కానీ ప్రతి పంక్తికీ లంకెలు, వరుస సంఖ్య వంటి అదనపు సమాచారం ఉండాలి. కోట్ల కొద్దీ చిన్న చిన్న పంక్తులున్న ఫైలుకు ఈ అదనమే చాలా పెద్దదవుతుంది. అంటే 12 గిగాబైట్ల లాగ్ ఫైలు మెమరీలో 12 గిగాబైట్ల కంటే ఎక్కువ స్థలమే అడుగుతుంది.

మూడవది పీస్ టేబుల్. దీన్ని అర్థం చేసుకోవడానికి మన రిజిస్ట్రేషన్ కార్యాలయం పద్ధతి గుర్తుచేసుకోండి. ఒకసారి రిజిస్టరైన దస్తావేజును ఎవరూ దిద్దరు. తప్పు ఉంటే సవరణ దస్తావేజు రాస్తారు. అసలుదీ, సవరణా కలిపి చదివితే ఇప్పటి పరిస్థితి తెలుస్తుంది. పీస్ టేబుల్‌లో కూడా అసలు ఫైలును ముట్టుకోరు. కొత్తగా టైపు చేసినదంతా వేరే చోట చేరుతుంది. "అసలు ఫైలులో మొదటి బైటు నుంచి 4,000 బైట్లు, తరవాత కొత్త దాంట్లో 12 బైట్లు, మళ్లీ అసలు ఫైలులో 4,001వ బైటు నుంచి చివరిదాకా" అనే చిట్టా ఒకటి నడుస్తుంది. చేసిన పనిని రద్దు చేయడమంటే చిట్టాను పాత స్థితికి తేవడమే. 1970 దశకంలో జెరాక్స్ సంస్థ పరిశోధనా కేంద్రంలో తయారైన బ్రావో ఎడిటర్ ఈ పద్ధతిని వాడింది. అసలు ఫైలును మార్చరు కనుక, దాన్ని మొత్తంగా మెమరీలోకి తేకుండా అవసరమైన ముక్కనే డిస్కు నుంచి తెచ్చుకునే వీలు ఇందులో ఉంది.

అయితే పీస్ టేబుల్ ఉన్నంత మాత్రాన అంతా వేగమే అనుకోకూడదు. పంక్తి సంఖ్యలు చూపాలన్నా, పదాలకు రంగులు వేయాలన్నా ఎడిటర్ ఫైలును చదవవలసిందే. ఒక ఎడిటర్ "క్షణంలో తెరుచుకుంది" అంటే ఆ చదివే పనిని అది వాయిదా వేసిందని అర్థం.

9.3 గ్రెప్ పుట్టిన సందర్భం

పెద్ద ఫైలు అనే సమస్య ఈనాటిది కాదు. యూనిక్స్ తొలి ఎడిటర్ పేరు ఎడ్. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1969 ప్రాంతంలో రాశారు. అప్పటికి తెరలు లేవు, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైపు యంత్రాలు ఉండేవి. అందుకే ఎడ్ ఏదీ తనంతట తాను చూపదు. అడిగిన పంక్తినే అచ్చు వేస్తుంది. తప్పు ఆదేశం ఇస్తే ఒక ప్రశ్నార్థకం మాత్రం వేసి ఊరుకుంటుంది.

బెల్ ల్యాబ్స్‌లోనే లీ మెక్‌మేహన్ అనే పరిశోధకుడు ఫెడరలిస్ట్ వ్యాసాల మీద ఆసక్తి చూపారు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787–88లో పబ్లియస్ అనే మారుపేరుతో వెలువడిన 85 వ్యాసాలవి. రాసినవారు హామిల్టన్, మాడిసన్, జే. వాటిలో 12 వ్యాసాలు హామిల్టన్ రాశారా, మాడిసన్ రాశారా అన్నది చాలాకాలం వివాదంగా ఉండిపోయింది. ఎవరి రచనలో ఏ పదాలు ఎలా వస్తున్నాయో చూస్తే తేలుతుందన్నది ఆలోచన. వ్యాసాలన్నీ కలిపితే ఒక మెగాబైటు పైచిలుకు. పీడీపీ-11 యంత్రం మీద ఒక ప్రోగ్రాముకు ఒకేసారి అందే చిరునామా స్థలం 64 కిలోబైట్లు. ఎడ్ ఎడిటర్‌లో అంత టెక్స్ట్ పట్టలేదు.

బ్రయాన్ కెర్నిగన్ చెప్పిన వృత్తాంతం ప్రకారం, అప్పుడు థాంప్సన్ ఎడ్‌లోని వెతుకులాట భాగాన్ని విడదీసి, మరునాటికల్లా ఒక విడి ప్రోగ్రాముగా ఇచ్చారు. ఎడ్‌లో "ఫైలంతటా ఈ నమూనా ఉన్న పంక్తులను అచ్చు వేయి" అనడానికి జి, గీత, నమూనా, గీత, పి అని రాసేవారు. నమూనాకు సంకేతంగా ఆర్, ఈ అక్షరాలను పెడితే అదే జి-ఆర్-ఈ-పి, గ్రెప్. ఈ ప్రోగ్రాము ఫైలును దాచుకోదు. ఒక పంక్తి చదువుతుంది, నమూనా ఉందా లేదా చూస్తుంది, దాన్ని వదిలేసి తరవాతి పంక్తికి పోతుంది. కాబట్టి ఫైలు ఎంత పెద్దదైనా దానికి కావలసిన మెమరీ పెరగదు.

అదే మెక్‌మేహన్ తరవాత సెడ్ అనే ప్రవాహ ఎడిటర్‌ను తయారుచేశారు. ఎడ్ ఆదేశాలనే తీసుకుని, ఫైలును ఒక వైపు నుంచి లోనికి పంపి, మార్చినదాన్ని మరో వైపు నుంచి బయటకు వదిలే పద్ధతి అది. 64 కిలోబైట్ల ఇరుకులో పుట్టిన ఈ రెండు పనిముట్లే ఇవాళ 12 గిగాబైట్ల ముందు కూడా మనకు దిక్కవుతున్నాయి.

9.4 వీఐ, విమ్

తెర మీద టెక్స్ట్‌ను చూస్తూ దిద్దే వీఐ ఎడిటర్‌ను బిల్ జాయ్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1976 ప్రాంతంలో రాశారు. ఆయన ఇంటి నుంచి 300 బాడ్ వేగం గల మోడెమ్ ద్వారా పనిచేసేవారు. అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. 80 అక్షరాల వెడల్పు, 24 పంక్తుల పొడవు ఉన్న తెర నిండాలంటే 1,920 అక్షరాలు రావాలి. లెక్క వేయండి, నిమిషం దాటుతుంది. అందుకే వీఐ ఆదేశాలు ఒకటి రెండు అక్షరాలకు మించవు, మారిన భాగాన్ని మాత్రమే తిరిగి గీస్తాయి. పల్లెలో అంతంతమాత్రపు మొబైల్ సిగ్నల్‌తో దూరపు సర్వర్‌లోకి వెళ్లి పనిచేసేవారికి ఈ పొదుపు విలువ ఇప్పటికీ తెలుస్తుంది.

నేడు ఎక్కువగా వాడేది బ్రామ్ మోలెనార్ 1991లో విడుదల చేసిన విమ్. ఇది తెరిచేటప్పుడు ఫైలు మొత్తాన్ని చదువుతుంది. మెమరీలో పట్టనిదాన్ని స్వాప్ ఫైలులోకి నెడుతుంది. ఆ స్వాప్ ఫైలు సాధారణంగా అసలు ఫైలు ఉన్న డైరెక్టరీలోనే తయారవుతుంది. నిండిపోయిన డిస్కు మీద దీని పర్యవసానం మీరే ఊహించవచ్చు. కొన్ని వందల మెగాబైట్ల ఫైలు వరకు విమ్ తట్టుకుంటుంది. రంగులు, ప్లగిన్లు లేకుండా తెరిస్తే ఇంకా తేలిగ్గా ఉంటుంది. ఇందుకు "విమ్ -యు నన్" అని ఇవ్వాలి, నన్ అన్న మాట పెద్ద అక్షరాలలో ఉండాలి. గిగాబైట్లలోకి వెళ్లాక విమ్‌ను ఇబ్బంది పెట్టడం కంటే వేరే దారి చూసుకోవడం మేలు.

9.5 తెరవకుండా చూడటం, వెతకడం

టెయిల్ ఆదేశం ఫైలు చివరకు నేరుగా వెళ్లి అక్కడి నుంచి వెనక్కి చదువుతుంది. 12 గిగాబైట్ల ఫైలుకైనా చివరి 100 పంక్తులు వెంటనే వస్తాయి. మన సర్వర్ ఉదాహరణలో మొదట ఇవ్వవలసినది ఇదే, ఎందుకంటే తాజా తప్పులు లాగ్ చివరనే ఉంటాయి. హెడ్ ఆదేశం మొదటి పంక్తులు చూపి ఆగిపోతుంది.

ముందుకూ వెనక్కూ కదులుతూ చదవాలంటే లెస్ ఉంది. ఇది ఎడిటర్ కాదు, చూపే పనిముట్టు మాత్రమే. తెర నిండడానికి కావలసినంత చదివి చూపిస్తుంది. పెద్ద అక్షరం జి నొక్కితే చివరకు వెళ్తుంది. అయితే అప్పుడు పంక్తి సంఖ్యలు లెక్కపెడుతూ ఆగిపోయినట్లు కనిపించవచ్చు. "లెస్ -ఎన్" అని తెరిస్తే ఆ లెక్క మానేస్తుంది. 9.2లో చెప్పిన విషయసూచిక లేమి ఇక్కడ మళ్లీ ఎదురైంది, గమనించారా?

మధ్యలోని పంక్తులు కావాలంటే సెడ్:

సెడ్ -ఎన్ '5000000,5000010పి; 5000010క్యూ' యాక్సెస్.లాగ్

ఇందులో పి అంటే అచ్చు వేయి, క్యూ అంటే ఇక చాలించు. చాలామంది క్యూ రాయడం మరిచిపోతారు. జవాబు వస్తుంది కానీ, సెడ్ మిగిలిన ఫైలంతా చివరిదాకా చదువుతూనే ఉంటుంది. సెకనుకు 150 మెగాబైట్లు చదివే డిస్కు అయితే 12 గిగాబైట్లకు 80 సెకన్లు పడుతుంది. ఆ ఒక్క అక్షరంతో అందులో చాలా భాగం మిగులుతుంది.

వెతకడానికి గ్రెప్ వాడేటప్పుడు నమూనా కాకుండా మామూలు పదమే వెతుకుతుంటే పెద్ద అక్షరం ఎఫ్ ఐచ్ఛికం ఇవ్వండి. మొదటిది దొరికితే చాలనుకుంటే "-ఎమ్ 1" ఇవ్వండి. జీజిప్‌తో కుదించిన పాత లాగ్‌లను విప్పి డిస్కు నింపుకోకుండా జీ-గ్రెప్ (మొదటి అక్షరం ఇంగ్లీషు అక్షరమాలలో చివరిది) తో నేరుగా వెతకవచ్చు.

ఒక మినహాయింపు. గ్రెప్, సెడ్ రెండూ ఒక్కో పంక్తిని పూర్తిగా మెమరీలోకి తీసుకుంటాయి. కొన్ని ప్రోగ్రాములు 2 గిగాబైట్ల సమాచారాన్ని ఒకే పంక్తిగా రాసిపెడతాయి. అప్పుడు ప్రవాహ పద్ధతి వల్ల వచ్చే లాభం పోతుంది. టీఆర్ ఆదేశంతో ముందుగా కామాలనో మరొక గుర్తునో పంక్తి ముగింపులుగా మార్చి, ఆ తరవాత వెతకాలి.

9.6 మార్చడం

బైట్ల సంఖ్య మారకుండా ఒకదాని స్థానంలో మరొకటి పెట్టాలంటే ఉన్నచోటనే రాయవచ్చు. సంఖ్య మారితే అక్కడి నుంచి చివరిదాకా ఫైలును తిరిగి రాయవలసిందే. దీనికి ఏ ఎడిటరూ అతీతం కాదు. తెరవడం ఎంత వేగంగా జరిగినా, భద్రపరిచేటప్పుడు ఈ మూల్యం చెల్లించాలి.

"సెడ్ -ఐ" అనే ఆదేశం ఉన్న ఫైలునే మారుస్తుందని పుస్తకాలలో రాస్తారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. అది పక్కనే ఒక కొత్త ఫైలు రాసి, పని పూర్తయ్యాక దానికి పాత పేరు పెడుతుంది. దీనివల్ల రెండు పర్యవసానాలున్నాయి. మొదటిది, 12 గిగాబైట్ల ఫైలు మార్చడానికి దాదాపు మరో 12 గిగాబైట్ల ఖాళీ కావాలి. రెండవది ఇంకా చిక్కైనది. ఆ లాగ్‌లో రాస్తున్న ప్రోగ్రాము పాత ఫైలును పట్టుకునే ఉంటుంది. పేరు కొత్త ఫైలుకు వెళ్లినా అది పాతదానిలోనే రాస్తూ పోతుంది. ఆ రాతలు మీకు కనిపించవు, స్థలమూ విడుదల కాదు. ఆర్‌ఎమ్ ఆదేశంతో లాగ్‌ను తొలగించినవారికి కూడా ఇదే అనుభవం. ఫైలు కనిపించదు, డిస్కు మాత్రం నిండుగానే ఉంటుంది.

మన సర్వర్‌కు తగిన మార్గం ఇది: టెయిల్‌తో చివరి లక్ష పంక్తులను వేరే డిస్కులోకి తీసుకోండి. పాత రాతలు తరవాత అవసరం పడవచ్చు అనిపిస్తే, ఫైలు మొత్తాన్ని కుదిస్తూ మరో యంత్రానికి పంపండి. ఆ తరవాత "ట్రంకేట్ -ఎస్ 0" ఆదేశంతో లాగ్‌ను ఖాళీ చేయండి. ఫైలు అదే, లోపలి బైట్లు పోతాయి, స్థలం వెంటనే విడుదలవుతుంది. లాగ్‌ను చివర చేర్చే పద్ధతిలో తెరిచిన ప్రోగ్రాము మళ్లీ సున్నా నుంచి రాసుకుంటుంది.

ఎడిటర్‌లోనే దిద్దక తప్పని పని అయితే, ఫైలును స్ప్లిట్ ఆదేశంతో ముక్కలు చేసి, కావలసిన ముక్కను దిద్ది, క్యాట్‌తో తిరిగి కలపవచ్చు. ముక్కలు చేసిన వెంటనే, దిద్దకముందే ఒకసారి అన్నిటినీ కలిపి, అసలు ఫైలుతో బైట్ల సంఖ్య సరిపోయిందో లేదో డబ్ల్యూసీ ఆదేశంతో చూసుకోవాలి. అసలు ఫైలును అప్పుడే చెరపకూడదు.

9.7 తెలుగు టెక్స్ట్ ఉన్న ఫైళ్లు

యూటీఎఫ్-8 విధానంలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు. "తెలుగు" అన్న మాటలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం, మొత్తం ఆరు సంకేతాలు. కంటికి మూడక్షరాలు, డిస్కు మీద 18 బైట్లు. డబ్ల్యూసీకి "-సి" ఇస్తే బైట్లు, "-ఎమ్" ఇస్తే సంకేతాలు లెక్కపెడుతుంది. ఈ రెంటి తేడా తెలియక ఫైలు పాడైందని కంగారుపడేవారున్నారు.

స్ప్లిట్‌కు "-బి" ఇచ్చి బైట్ల లెక్కన కోస్తే, కోత ఒక సంకేతం మధ్యలో పడవచ్చు. తెలుగు సంకేతంలో మొదటి బైటు 224, రెండవది 176 లేదా 177, మూడవది 128 నుంచి 191 లోపు ఉంటుంది. 224 ఒక ముక్కలో, మిగిలిన రెండూ మరో ముక్కలో పడితే రెండు చోట్లా అక్షరం కనిపించదు, ప్రశ్నార్థకం గుర్తు కనిపిస్తుంది. అలాగే వదిలి క్యాట్‌తో కలిపితే నష్టం లేదు. మధ్యలో ఎడిటర్‌తో తెరిచి భద్రపరిస్తే, తెగిన బైట్లను అది "సరిచేసే" ప్రమాదం ఉంది. అందువల్ల "-ఎల్" ఇచ్చి పంక్తుల లెక్కన కోయాలి. లేదా పెద్ద అక్షరం సి ఇవ్వాలి. అది పంక్తులను విడగొట్టకుండా నిర్ణీత పరిమాణానికి లోబడి కోస్తుంది.

వెతకడంలో మరొక చిక్కు. "గ్రెప్‌కు", "ఫైల్‌లో" వంటి మాటలలో పొల్లు తరవాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఒక కనిపించని సంకేతం పెడతారు. అది కూడా మూడు బైట్లే. ఒకరు దాన్ని పెట్టి టైపు చేస్తారు, మరొకరు పెట్టరు. గ్రెప్ బైట్లను పోలుస్తుంది గనుక ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. తెలుగు ఫైలులో ఒక మాట "లేదు" అని తేల్చేముందు ఆ మాటలో చిన్న భాగంతో, అంటే "ఫైల్" వరకే ఇచ్చి, మళ్లీ వెతకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

గమనిక: జవాబులను మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

1. గ్యాప్ బఫర్‌కూ పీస్ టేబుల్‌కూ గల తేడా ఏమిటి? ఫైలు మొదట్లోనూ చివరలోనూ మార్చి మార్చి దిద్దేవారికి ఏది అనుకూలం?

2. లాగ్ ఫైలును తొలగించినా డిస్కులో స్థలం ఎందుకు విడుదల కాకపోవచ్చు?

3. అధ్యయన కేంద్రంలో గానీ, ఇంట్లో గానీ లినక్స్ యంత్రం మీద సెక్ (ఎస్-ఈ-క్యూ) ఆదేశంతో 1 నుంచి 9,99,99,999 వరకు సంఖ్యలను, కామాలు లేకుండా, ఒక ఫైలులోకి పంపండి. ముందుగా డిస్కులో ఒక గిగాబైటు ఖాళీ ఉందో లేదో చూసుకోండి. ఫైలు పరిమాణాన్ని కాగితం మీద లెక్కకట్టి, ఆ తరవాత డబ్ల్యూసీతో సరిచూడండి. జవాబు 88,88,88,888 బైట్లు రావాలి. పంక్తి ముగింపును లెక్కలో మరిచిపోతే ఈ సంఖ్య రాదు. ఇప్పుడు 10,00,000వ పంక్తిని సెడ్‌తో క్యూ లేకుండా ఒకసారి, క్యూతో ఒకసారి చూడండి. ఆదేశం ముందు "టైమ్" అని చేర్చి, రెండు సార్లు పట్టిన కాలాన్ని పక్కపక్కనే రాసుకోండి.